పదిహేడో నంబరు బ్యూరెట్

బ్యూరెట్ గాజుగొట్టంలో క్షారం నింపాక దీప గరాటు తీసి పక్కన పెట్టింది. తీయకుండా వదిలేస్తే దాని కాడకు అంటుకున్న చుక్క పరీక్ష మధ్యలో లోపలికి జారుతుంది, లెక్క తప్పుతుంది. కుళాయి కింది ముక్కులో గాలి బుడగ నిలవకుండా కాస్త క్షారం బీకరులోకి వదిలింది. నడుం వంచి, గొట్టంలోని ద్రవానికి తన కన్ను సమానంగా తెచ్చుకుంది. వంపు తిరిగిన ఆ మట్టం అడుగు సరిగ్గా సున్నా గీత మీద కూర్చుంది.

బ్యూరెట్ పైభాగాన ఎర్రటి గోళ్ళరంగుతో రాసిన పదిహేడు అంకె కొద్దిగా చెరిగి ఉంది. ఆ అంకె రాసింది మదనపల్లె కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా ఉండిన కుప్పుస్వామి. డిగ్రీ మూడేళ్ళూ దీపకు ఆయన అదే బ్యూరెట్ ఇచ్చాడు. రిటైరైన రోజు, రద్దు చేసిన సామాన్లలోంచి దాన్ని తీసి, పేపర్లో చుట్టి, నీదే కదమ్మా అని చేతిలో పెట్టాడు. అప్పటినుంచీ ఈ పాల కేంద్రంలో ఆమె దాన్నే వాడుతోంది. కంపెనీ రెండేళ్ళ కిందట పంపిన కొత్త బ్యూరెట్, తెల్లటి ప్లాస్టిక్ కుళాయిది, అట్టపెట్టెలోనే ఉంది. దాని కుళాయి తిప్పుతుంటే కుక్కరు పిడి తిప్పినట్టుంటుందని దీప దాన్ని ముట్టుకోలేదు.

"రెడీనా మేడమ్మా?" కిటికీ అవతల నుంచి ఆదెమ్మ అడిగింది.

ఆదెమ్మది సోమల దగ్గర పల్లె. అరవై దాటిన మనిషి. నిన్న ఆమె పాలు పులుపని తేలాయి. ఇవాళ క్యాను మూత తీసి, అంచు లోపలి వైపు వేలితో రాసి, ఆ వేలు దీపకు చూపించింది. బూడిదేసి తోమానని, చింతపండుతో కడిగి పూటంతా ఎండబెట్టానని, నిన్నటి మాదిరి ఉండదని చెప్పింది.

ఆ కేంద్రం పుంగనూరు పొట్టావుల పాలు విడిగా తీసుకుంటుంది. అవి గాజు సీసాల్లో బెంగళూరు పోతాయి. పన్నెండు ఇళ్ళు, పన్నెండు చిన్న క్యాన్లు, పన్నెండు కార్డులు. ప్రతి క్యానుకూ పులుపు పరీక్ష వేరుగా చేయాలి. పది మిల్లీల పాలలో రెండు మిల్లీల లోపు క్షారం పడేసరికి గులాబీ రంగు వస్తే పాలు మంచివి. రెండు దాటితే పులుపు మొదలైనట్టే. అలాంటి పాలు ఇంకెక్కడా కలపకుండా, అమ్మకుండా, నీలం మందు వేసి వెనక్కి ఇవ్వడం అక్కడి పద్ధతి. మూడుసార్లు నీలం పడితే కార్డు తీసేస్తారు.

దీప పాలు కొలిచి ఫ్లాస్కులో పోసి, రంగు మందు రెండు చుక్కలు వేసింది. రెండు నెలలుగా ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి. సంగటి కెలికి కెలికి వచ్చిందని డాక్టరు అన్నాడు. ఆ చెయ్యి ఫ్లాస్కు మెడ పట్టుకోగలదు గాని కుళాయి తిప్పలేదు. అందుకని కుడిచేత్తో కుళాయి తిప్పుతూ, చుక్కచుక్కకూ ఆగుతూ, ఫ్లాస్కు ఆడిస్తూ పోయింది. ఒకటిన్నర. ఒకటీ ఎనిమిది. పాలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. రెండు దాటింది. అప్పుడు తేలింది రంగు, పసిబిడ్డ అరికాలి రంగు, లేతగా, చెదరకుండా.

రెండూ పాయింటు రెండు. మళ్ళీ చేసింది. రెండూ పాయింటు ఒకటి.

దీప రిజిస్టరులో ఎర్రసిరాతో రాయడం ఆదెమ్మ చూసింది. ఎర్రసిరా అంటే ఏమిటో ఆమెకు నిన్న తెలిసింది.

"ఆ గాజుగొట్టం ఏం జెప్తే అదేనామ్మా?"

"అదేనక్కా. నా ఇష్టమంటూ ఏం లేదు. అది ఉన్నది ఉన్నట్టు చెప్తాది."

"ఆవు అదే. మేత అదే. పిండే చేతులూ ఇవే." ఆదెమ్మ రెండు అరచేతులూ కిటికీ గట్టు మీద పెట్టింది, పరీక్ష చేసుకోమన్నట్టు. "నిన్నట్నించే యాల పులుస్తాండాయి?"

ఎండలు ముదురుతున్నాయని, ఆటో ఆలస్యమై ఉంటుందని దీప చెప్పింది. అదే ఆటోలో వచ్చిన మరో మూడు క్యాన్లు పరీక్షలో నెగ్గిన సంగతి ఇద్దరికీ తెలుసు. దీప నీలం సీసా అందుకుంది. క్యానులో చుక్కలు పడ్డాయి. నీలం ఒక క్షణం చారలుగా తిరిగి, తర్వాత పాలన్నీ ఒకే రంగుకు వచ్చాయి, బట్టలకు పెట్టే నీలిమందు కలిపిన నీళ్ళలాగా. ఆదెమ్మ మూత బిగించింది. క్యాన్లు దించే మునిశేఖర్ దారి వదులుతూ, "జరగండప్పా, నీలం పాలామె వస్తాండాది" అన్నాడు. ఆటో దగ్గరున్న వాళ్ళు నవ్వారు. ఆదెమ్మ వాళ్ళవైపు చూడలేదు. క్యానును చంకలో బిడ్డలాగా ఎత్తుకుని ఆటో వెనకసీటులో కూర్చుంది.

బుధవారం ఆమె క్యాను లేకుండా వచ్చింది. మూత పెట్టిన సత్తుగిన్నె ఒకటి, మీద గుడ్డ కట్టి, రెండు చేతులతో పట్టుకొచ్చింది. కిటికీ గట్టు మీద పెట్టి గుడ్డ విప్పింది.

గిన్నెలో నీలం పాలు. పైన మందంగా మీగడ కట్టింది, అదీ నీలంగానే. గిన్నె అంచు దగ్గర మీగడ ముడతలు పడి చిరిగిన చోట లోపలి పాలు జారుగా కదిలాయి.

"నిన్న ఈ పాలు పారబొయ్యలేదమ్మా. కాంచినాను. పులిసిన పాలైతే పొయ్యిమింద ఇరిగిపోవల్ల కదా. ఇరగలేదు. మీగడ కట్టింది. నువ్వే సూడు."

కొంచెం పులుపుకు పాలు విరగవని, అంతకంటే చాలా ఎక్కువ ఉంటేనే విరుగుతాయని దీప వివరించింది. చెబుతుండగానే తన మాటలు పుస్తకంలోవిగా తనకే వినిపించాయి. ఆదెమ్మ తల ఊపింది గాని ఒప్పుకున్నట్టు లేదు.

"ఈ దినం పాలు యాల తేలేదంటే, భయమైంది. మూడోది గూడా పడితే కార్డు పోతాది. కార్డు పోతే మా ప్రకాషు ఆవుని అమ్మి తోలేస్తానంటాడు. బెంగుళూరోల్లు ఎవురో ఆదివారం వస్తారంట. తోటింట్లో ముద్దుకి పెట్టుకుంటారంట." ఆమె గిన్నె మీద ఈగను తోలింది. "మొదుట్లో వాడు తోలనన్నాడు. నీలం పాలు రెండు దినాలు ఇంటికొచ్చినాక, నీకి చేతగాలేదులేమ్మా అంటాండాడు. నా కొడుకే."

గిన్నె అక్కడే వదిలి వెళ్ళిపోయింది. మేనేజరు నాగరాజు అటు వచ్చి, మీగడ చూసి, ఇది సాక్షాత్తూ కృష్ణుడు తినాల్సిన మీగడ మేడం అని నవ్వాడు. దీప నవ్వలేదు. పన్నెండు ఇళ్ళలో ఒక ఇల్లు తగ్గితే ఇంకో ఇల్లు దొరుకుతుందని, మనసు కష్టపెట్టుకోవద్దని చెప్పి ఆయన లోపలికి పోయాడు.

మధ్యాహ్నం సామాను కడిగేటప్పుడు దీప స్టాండు పీట మీది తెల్లటి పొడిని తడిగుడ్డతో తుడిచింది. రోజూ తుడిచేదే. పాలపొడో, దుమ్మో అనుకునేది. ఇవాళ గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసింది. సబ్బులాగా జారింది. క్షారం ఆరిపోతే అలా తెల్లబడుతుంది. పీట మీదికి క్షారం ఎలా వచ్చింది?

బ్యూరెట్ నిండా నీళ్ళు పోసింది. కుళాయిని కుడిచేత్తో తెరిచి, మూసి, స్టూలు లాక్కుని కూర్చుంది. ముక్కు నుంచి చుక్క పడలేదు. కాసేపటికి కుళాయి పిడి పక్కన, గాజులో గాజు దిగే చోట, చిన్న పూస లాంటిది తేలింది. లావైంది. గొట్టం వెంట కిందికి జారి స్టాండు మీదికి పోయింది. ఫ్లాస్కులో పడని చుక్క. అది ఏ పాలలోనూ కలవదు గాని, పైన గీతల దగ్గర మాత్రం లెక్కలోకి వస్తుంది.

ఆమె రిజిస్టరు తెరిచి రెండు నెలలు వెనక్కి తిప్పింది. ఆదెమ్మ పాలు ముందునుంచీ ఒకటీ ఏడు. చిక్కటి పాలకు ఆ మాత్రం ఉంటుంది. తర్వాత ఒకటీ ఎనిమిది, ఒకటీ తొమ్మిది, పోయిన వారమంతా సరిగ్గా రెండు. అప్పుడు మిగతా పేర్ల మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. ఒకటీ మూడున్నవి ఒకటీ ఏడయ్యాయి. ఒకటీ నాలుగున్నవి ఒకటీ ఎనిమిది. పన్నెండు ఇళ్ళలో పాలు ఒకేసారి పులుపెక్కవు. మిగతావాళ్ళకు గీత దాకా చోటుంది, ఆదెమ్మకు లేదు. అంతే తేడా.

ఇంటికి పోయి కూడా ఆమె దాన్నే తలచుకుంది. కుళాయి అరిగి ఉంటుంది. కుప్పుస్వామన్న ఇలాంటివి సరిచేసేవాడు. సన్నటి పొడి వేసి, గాజును గాజులో తిప్పి తిప్పి నూరి, వ్యాసలీన్ గోటితో పూసి, మళ్ళీ కొత్తదాన్ని చేసేవాడు. తన చేత్తో ఇచ్చినదాన్ని ఆయనే బాగుచెయ్యాలి. భర్త సుబ్రహ్మణ్యం, ఇంత అవస్థ ఎందుకు, కొత్తది ఉందంటివి కదా అన్నాడు. దీప రాగిసంగటి ముద్దలు చేసింది, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

గురువారం ఆమెకు సెలవు. కుప్పుస్వామి ఇప్పుడు కుప్పంలో కూతురి దగ్గర ఉంటున్నాడు. బ్యూరెట్‌ను పాత నూలుచీర ముక్కలో చుట్టి, నీళ్ళ పైపు తుంటలో దోపి, రెండు చివరలా గుడ్డ కుక్కింది. పలమనేరులో బస్సు మారింది, వి.కోటలో మళ్ళీ మారింది. కండక్టరు ఆ పైపును చూసి, చేపలకా మేడం, కుప్పంలో చెరువులన్నీ ఎండిపోయినాయే అన్నాడు. కిటికీ పక్కన కూర్చుని ఆమె పైపును తొడల మీద అడ్డంగా పెట్టుకుంది. టమోటా తోటలు, కట్టెలు పాతిన బీన్సు మడులు, పట్టుపురుగుల షెడ్లు వెనక్కి పోతున్నాయి. ఆమె కళ్ళకు కనబడుతున్నది మాత్రం మదనపల్లె ల్యాబు. నల్లటి కడప బండలు పరిచిన బల్లలు. బల్లల వెంట వరసగా నిలబడ్డ గాజుగొట్టాల మీద కిటికీల్లోంచి పడే పొద్దు. బేంచికి ఇద్దరు. తన పక్కన అంబిక. ఫ్లాస్కు పట్టుకుంటే చాలు ఆ పిల్ల చేతులు వణికేవి. కుప్పుస్వామన్న చంకలో బ్యూరెట్ల కట్టె అరతో వచ్చి, ఒక్కొక్కరి ముఖం చూసి ఒక్కొక్కటి తీసి ఇచ్చేవాడు. తనకు పదిహేడు. అంబికకు ఎప్పుడూ నాలుగు. ప్రాక్టికల్ పరీక్ష రోజు కూడా అంతే. క్లాసులో మంచి మార్కుల పిల్ల కాబట్టి మంచి బ్యూరెట్ తనకిచ్చాడని దీప ఆనాడే అనుకుంది. అంబిక మీద జాలి కూడా పడింది.

కుప్పం బస్టాండు వెనక సందులో కుప్పుస్వామి కూతురు శోభ గానుగ నూనె అంగడి పెట్టుకుంది. ఆయన గల్లాపెట్టె దగ్గర లేడు. లోపల పీపాల దగ్గర నిలబడి, గాజు కొలతలోకి వేరుశనగ నూనె వంచుతున్నాడు. మట్టం గీతకు చేరేసరికి మోకాళ్ళు వంచి, ముఖం కొలతకు ఎదురుగా తెచ్చి, ఒక కన్ను మూసి చూశాడు. దీప అంగడి గుమ్మంలోనే ఆగి ఆ వంగడం చూసింది.

"గెస్ చేసి పోస్తే ఏమవుతాది నాయనా, లైను కట్టిండారు" అని శోభ అంటోంది.

"ఏం కాదు. తప్పవుతాది, అంతే" అన్నాడాయన. తలెత్తి చూసి దీపను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. "దీపమ్మా? ఫస్టు బేంచి దీపమ్మా?"

కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ఎవరెవరు ఎక్కడున్నారో అడిగాడు. ల్యాబులో ఇప్పుడు నల్లబండలు తీసేసి తెల్ల టైల్సు వేశారని ఆయనకు ఎవరో చెప్పారట. తెల్ల టైలు మీద గులాబీ రంగు బాగా కనబడుతుందిలే అన్నాడు, కాస్త అయిష్టంగానే. దీప పైపులోంచి చీర ముక్క లాగి బ్యూరెట్ బయటపెట్టింది. ఆయన పదిహేడు అంకెను బొటనవేలితో తడిమాడు. ఆ గోళ్ళరంగు అప్పట్లో మూడో తరగతి చదివే శోభది. అడగకుండా వాడినందుకు రెండు దినాలు మాట్లాడలేదని చెప్పి నవ్వాడు.

తర్వాత కుళాయి బిరడా ఊడదీశాడు. వెలుగుకు పట్టి తిప్పాడు. నవ్వు పోయింది.

"దీంట్లో ఏం పోస్తాండావు?"

"కాస్టిక్ సోడా అన్నా. పాల పులుపుకి."

ఆయన బిరడాను ఒళ్ళోని తువ్వాలతో తుడిచి, గరుకుగా తెల్లబడిన చోటును దీప వేలికి తగిలించాడు.

"గాజు కుళాయిది ఆసిడ్‌కి. కాస్టిక్‌కి రబ్బరు గొట్టం క్లిప్పుది. బీరువా తలుపు మీద కాయితం రాసి అంటించినాను కదమ్మా. కాస్టిక్ గాజుని తినేస్తాది."

ఆ కాయితం దీపకు గుర్తుంది. నాలుగు మూలలా మైదా జిగురు, అచ్చుల్లాంటి ఆయన అక్షరాలు. తెలియక కాదు. రోజూ కడుగుతున్నాను కదా, వ్యాసలీన్ పూస్తున్నాను కదా, దీనికి మాత్రం ఏం కాదులే అనుకుంటూ వచ్చింది. ఆ మాటే నెమ్మదిగా ఆయనకు చెప్పింది. ఇది మీరిచ్చిన మంచి బ్యూరెట్ కదా, పారెయ్యబుద్ధి కాలేదు అంది.

"మంచిదా?" ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "పదిహేడు మంచిదని ఎవురు చెప్పినారు నీకి? అది వచ్చినప్పటి నుంచీ కారేదే. కుళాయి సరిగ్గా కుదర్లేదు. నాలుగు మంచిది. తొమ్మిది మంచిది."

"మరి నాకెందుకు ఇచ్చినారు?"

"నీ చెయ్యి మంచిది కాబట్టి." ఆయన తన ఎడమచేతిని గాలిలో లేని గొట్టం చుట్టూ వెనకనుంచి తిప్పాడు. అరచెయ్యి, వేళ్ళు, కుళాయిని లోపలికి లాగి పట్టినట్టు ముడుచుకున్నాయి. "నువ్వు ఇట్ల పట్టుకొనేదానివి. బిరడా లోపలికి బిగిసి ఉండేది. ఒక్క చుక్క కారనిస్తివా? భయపడే పిలకాయలకి మంచిది ఇయ్యాల. ఆ వణికే పిల్ల, అంబిక, దానికి పదిహేడు ఇచ్చింటే ఫెయిలైపోయిండదా?"

దీప తన ఎడమ బొటనవేలిని చూసుకుంది. రెండు నెలలుగా ఈ చెయ్యి కుళాయిని పట్టడం లేదు. పక్కనుంచి కుడిచేత్తో తిప్పినప్పుడల్లా బిరడా కొంచెం కొంచెం బయటికి వస్తోంది. ఇన్నేళ్ళూ లెక్క సరిగ్గా చెప్పింది బ్యూరెట్ కాదు. ఈ చేతి పట్టు. ఆ పట్టు పోయిన సంగతి బొటనవేలు నొప్పిగా చెబుతూనే ఉంది.

ఆదెమ్మ గురించి చెప్పింది. గిన్నెలో నీలం మీగడ గురించి కూడా. కుప్పుస్వామి వింటూ వింటూ బిరడాను తిరిగి కుళాయిలో పెట్టి, పడిపోకుండా రబ్బరు బ్యాండు వేశాడు.

"రిటైరయ్యే దినం నీకి గుర్తుకని ఇచ్చినాను తల్లీ. గోడకి పెట్టుకుంటావనుకొంటి. దీంతో ఇంకొకరి బతుకు కొలస్తావనుకోలేదు."

నూరి బాగుచెయ్యడానికి వీలవుతుందా అని ఆమె అడగలేదు. ఆయన కూడా ఆ మాట ఎత్తలేదు. బయలుదేరేటప్పుడు అర లీటరు నూనె సీసా చేతిలో పెట్టి, ప్లాస్టిక్ కుళాయివి ఇప్పుడు బాగుంటాయంట, కాస్టిక్ ఏమీ చెయ్యలేదంట, దాన్ని వాడమ్మా అన్నాడు.

శుక్రవారం పొద్దున పాలు తప్పకుండా తెమ్మని దీప ఆటో అతనితో ముందురోజే కబురు పంపింది. ఆదెమ్మ వచ్చింది. క్యాను నేలమీద పెట్టలేదు. మూడోసారి కదా, ఇవ్వాలో వద్దో ఇంకా తేల్చుకోనట్టు పట్టుకునే నిలబడింది. దీప తలుపు తెరిచి లోపలికి రమ్మంది. బయటివాళ్ళు ల్యాబులోకి రావడం అక్కడ లేదు. నాగరాజు తన గది గుమ్మంలోంచి చూశాడు. క్యాన్లు మోస్తున్న మునిశేఖర్ కూడా ఆగాడు.

బల్ల మీద రెండు స్టాండ్లు. ఒకదానికి పదిహేడు, ఇంకోదానికి కొత్తది. రెండింటినీ దీప ముందుగా నీళ్ళతో, తర్వాత కొద్దిపాటి క్షారంతో కడిగి, నింపి, గరాట్లు తీసేసింది. బుడగలు పోగొట్టింది. ఆదెమ్మ క్యాను నుంచి పాలు రెండు ఫ్లాస్కుల్లోకి తీసింది.

మొదట పదిహేడు. రెండు నెలలుగా ఎలా చేస్తోందో అలాగే, కుడిచేత్తో. గులాబీ తేలేసరికి రెండూ పాయింటు రెండు. ఆదెమ్మ పెదవులు బిగుసుకున్నాయి.

"ఇట్ల రా అక్కా. ఇదో, ఈ పక్క చూడు."

కుళాయి పక్కన పూస లావవుతోంది. ఆదెమ్మ వంగి చూసింది. అది జారి స్టాండు వెంట కిందికి పోయేదాకా చూపు తిప్పలేదు.

"కారతాండాది" అంది.

"అవును. పాలల్లో పడకుండా బయటికి పోయినది కూడా నీ పాల లెక్కలోనే పడింది."

తర్వాత కొత్తది. తెల్లటి కుళాయి చప్పుడు లేకుండా తిరిగింది. నొప్పి చేతికి కూడా తేలికగా ఉంది. ఒకటిన్నర దగ్గర దీప ఆగి, ఒక్కొక్క చుక్కే వదిలింది. పసిబిడ్డ అరికాలి రంగు. దీప పక్కకు జరిగి, ఆదెమ్మను మట్టానికి సమానంగా వంగమని చెప్పి, వంపు అడుగు ఏ గీత మీద ఉందో చూడమంది. ఆదెమ్మ కన్ను మూసి, తెరిచి, గీతలను గోటితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"ఒకటి దాటి ఏడు."

"అంతే. నీ పాలు ఎప్పుడూ అంతే. తప్పు నాదక్కా. పనికిరాని దాన్ని నేను వాడినాను."

నాగరాజు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, ఇకనుంచి పాలు తీసుకుందామని, పాత రెండు దినాల అంకెలు రిజిస్టరులో దిద్దొద్దని, పైనుంచి చూసేవాళ్ళు రెండు నెలల పరీక్షలన్నీ తప్పంటారని చెప్పాడు. తప్పే కదా సార్ అంది దీప. సోమవారం, మంగళవారం ఎర్ర అంకెల మీద ఒక్కొక్క గీత కొట్టి, పక్కన నల్లసిరాతో రాసింది: కొలత సాధనంలో లోపం, పాలు మంచివి. కింద సంతకం పెట్టింది. నాగరాజు ఆ సంతకాన్ని కాసేపు చూసి, సరే, మీ ఇష్టం అని వెళ్ళిపోయాడు.

మునిశేఖర్ ముందుకొచ్చి క్యాను కోసం చెయ్యి చాపాడు. ఆదెమ్మ అతనికి ఇవ్వలేదు. తానే తీసుకెళ్ళి తూకం మీద పెట్టి, తానే ఖాళీ క్యాను తెచ్చుకుంది. తర్వాత దీప ముందు నిలబడింది.

"నీలం నువ్వే ఏసినావు గదమ్మా. మా ఊర్లో గూడా నువ్వే చెప్పాల."

దీప కోటు విప్పి తగిలించింది. పోయేముందు పదిహేడును మూడుసార్లు కడిగి, కుళాయి తెరిచి, స్టాండుకు తలకిందులుగా బిగించింది. లోపల మిగిలిన తడి గాజు వెంట మెల్లగా కిందికి దిగింది.

ఖాళీ క్యాన్ల మధ్య ఆటోలో గంట ప్రయాణం. ఆదెమ్మ పెద్దగా మాట్లాడలేదు. సోమల దాటాక మాత్రం, ఆవుకి పేరు పెట్టలేదని, పేరు పెడితే అమ్మేటప్పుడు కష్టమని వాళ్ళ అత్త అనేదని చెప్పింది.

ఆవు వాకిట్లోనే ఉంది, మనిషి నడుం ఎత్తుకు రాదు, తోక నేలను తాకుతోంది. ప్రకాష్ జొన్నసొప్ప నరుకుతున్నాడు. కొడవలి దించి, పాల కేంద్రం మేడం ఎందుకొచ్చిందో తెలియక, లుంగీ సర్దుకున్నాడు. పక్కింటి ఆడవాళ్ళిద్దరు గోడ దగ్గరికి వచ్చారు. దీప వాళ్ళందరికీ వినబడేట్టు చెప్పింది. బ్యూరెట్ అంటే ఏమిటో, కుళాయి ఎలా కారిందో, నీలం తన చేత్తో ఎలా వేసిందో. చెప్పేటప్పుడు మాటలు అడ్డదిడ్డంగా వచ్చాయి. మీ అమ్మ చేతుల్లో ఏ తప్పూ లేదు ప్రకాష్ అన్నది మాత్రం సరిగ్గా వచ్చింది.

అతను తల్లి వైపు చూడలేకపోయాడు. జేబులోంచి ఫోను తీసుకుని కొట్టం వెనక్కి పోయాడు. ఆదివారం రావద్దులే సార్, లేదు లేదు, రేటు గురించి కాదు అనడం వీళ్ళకు వినబడింది. గోడ దగ్గర ఒకామె, నీలం పాలు తాగితే గూడా ఏం కాదంట, దూడ తాగింది గదా అంది. రెండో ఆమె, అందుకే అది శివుడి మాదిరి చూస్తాండాది అంది. ఆదెమ్మ నవ్వింది. దీప ఆమె నవ్వు చూడడం అదే మొదటిసారి.

కాఫీ కాగేలోపల ఆదెమ్మ బావిగట్టు దగ్గర క్యాను కడుగుతూ కూర్చుంది. మూత లోపలి రబ్బరు చుట్టకు నీలం పట్టేసింది. చింతపండుకు పోలేదు, బూడిదకూ పోలేదు. దీప పక్కన గొంతుక్కూర్చుని ఆ మూత తీసుకుంది. ల్యాబులో స్పిరిటు ఉందని, రేపు ఒక్క నిమిషంలో పోగొట్టి ఇస్తానని చెప్పి, అప్పటికి గోటితోనైనా గీకి చూద్దామని ప్రయత్నించింది. బొటనవేలు కలుక్కుమంది.

ఆదెమ్మ ఆమె చేతిలోంచి మూత తీసుకుని, ఒకసారి ఎండకు తిప్పి చూసి, క్యానుకు బిగించింది.

"ఉండనీమ్మా. ఎవురన్నా అడిగితే చెప్పేదానికి ఉంటాది."